పనిముట్టా? పటాటోపమా?

పంజాగుట్ట చౌరస్తానుండి అమీరుపేట వైపునకు కాలినడకన పోవువారు నేడు కొద్దిమందియే. 2018 సెప్టెంబరులో ఈ మార్గమున మెట్రో రైలు నడచుట మొదలైనప్పటినుండి ఆ కొద్దిమందియు తగ్గిరి. నడచువారికి మాత్రము ఒక లాభము కలదు. ఈ కాలపు వెఱ్ఱి యెట్టిదో గోడలమీదనే చదువుకొనవచ్చును. ఒక ప్రక్క నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ. జిల్లాలనుండి రోగులను దీసికొని వచ్చిన బంధువులు అచట చెట్లనీడలలో దుప్పట్లు పఱచుకొని, మందుల చీటీలు చేతబట్టుకొని కూర్చుండియుందురు. కొంతదూరము పోయినంతనే అద్దాల దుకాణములు. ఒక్కొక్క అద్దము వెనుక ఒక్కొక్క చేతిఫోను ఉత్సవవిగ్రహమువలె దీపకాంతుల నడుమ కొలువుదీరియుండును. దాని పాదములచెంత లక్షరూపాయలు దాటిన వెలయు, ఆ వెలకంటె పెద్ద అక్షరములలో దానిని నెలనెల చెల్లించు సదుపాయమును వ్రాయబడియుండును. ఇంకను ముందునకు పోయినచో మైత్రీవనము. అచట జావా, పైథాను మున్నగు కంప్యూటరు భాషలను నేర్పు శిక్షణాలయముల ప్రకటనలు ఒకదానిపై నొకటి అంటింపబడి, గోడకు వేసిన రంగేదో కానరాకున్నది.

గత జ్యేష్ఠమాసమున, మాకు బావ వరుసయగు నల్లగొండ జిల్లా రైతొకరు తమ కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చిరి. ఎనిమిదెకరముల ఆసామి. బోరుబావి క్రింద నాలుగెకరముల వరి, తక్కినది పత్తి. కుఱ్ఱవాడు బి.టెక్. పూర్తిచేసినాడు. అయినను అమీరుపేటలో నాలుగు మాసములు చదివిననేగాని కొలువు దొరకదని అతని తోడివారందఱు చెప్పిరట. శిక్షణకు 25,000, వసతిగృహమునకు నెలకు 6,500 రూపాయలు. ఇంతవఱకు బావగారు సిద్ధపడియే వచ్చిరి. కాని కుఱ్ఱవాని కోరిక మఱియొకటి కలదు. లక్షరూపాయల కంప్యూటరు కావలెనట; దానికి దోడు, ఈ యేడు వెలువడిన చేతిఫోను కావలెనట.

"మామయ్యా, మా జట్టులో అందఱికిని అదియే యున్నది. అది లేకున్నచో తరగతిలో ముందువరుసను కూర్చుండుటకే సిగ్గగుచున్నది" అని అతడనెను.

బావగారు మా ముఖమువైపు చూచి, "వీని ముచ్చట తీర్చకపోతిమా, రేపు ఉద్యోగము రాకున్నచో ఆ నింద మనమీద పడును గదా, బావా! ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష అడిగియుంచినాను" అనిరి.

పాఠకులలో పెక్కురకు ఈ సంభాషణము క్రొత్తది కాదని తలంచెదము. పల్లెలో భూమిగలవారి యింటను, పట్టణమున జీతగాండ్ర యింటను నేడు జరుగుచున్న వాదమిదియే. కావున ఆ రాత్రి మేము కాగితము కలము దీసికొని వేసిన లెక్కను ఇచట చెప్పుట అసందర్భము కానేరదు. నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున లక్షకు నెలకు 2,000, సంవత్సరమునకు 24,000. అసలు అట్లే నిలిచియుండును. కుఱ్ఱవాడు నేర్వబోవు విద్యకు వలసిన యంత్రము, పెద్ద కార్యాలయములు మూడు నాలుగేండ్లు వాడి విడిచినది, సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి చోట్ల అంతకంటె తక్కువకు దొరకును. అనగా ఒక్కయేటి వడ్డీతో యంత్రమే వచ్చుచుండగా, ఆ యంత్రము కొఱకు అప్పు చేయుట! మైత్రీవనమున నేర్పు జావాయు, పైథానును, దత్తాంశములను ప్రశ్నించు ఎస్.క్యూ.ఎల్.ను ఎనిమిది జీబీల మెమొరీ గల పాత యంత్రముపై నిక్షేపముగా నడచును. నేర్చుకొను వానికి తడవగునది బుద్ధిచేతనే గాని యంత్రముచేత కాదు.

"వడ్డీ లేని వాయిదాలు కలవు గదా" అని కుఱ్ఱవాడు అడ్డుతగిలెను. వడ్డీలేని అప్పు ఈ భూమండలమున లేదు. 2013 సెప్టెంబరులో రిజర్వుబ్యాంకువారే బ్యాంకులకు ఈ విషయమును స్పష్టముగా వ్రాసిరి. సున్న వడ్డీ యనునది ఉండజాలదనియు, వడ్డీని ఇతర రుసుములలో దాచి కొనుగోలుదారును భ్రమపెట్టరాదనియు వారి తాత్పర్యము. పేరు మార్చుకొని ఆ వాయిదాలు నేటికిని నడచుచున్నవి. రొక్కమిచ్చువానికి దొరకు తగ్గింపు వాయిదాల వానికి దొరకదు. లేదా ముందుగనే ఒక రుసుము కోసికొందురు. వడ్డీ యెచటికిని పోలేదు, వేషము మార్చినది.

వస్తువును ఏ గజముతో కొలువవలెను? ఈ ప్రశ్నకు మన దేశమున ఒకప్పుడు లక్షరూపాయలు పందెము గట్టినారు. 1929లో గాంధీమహాత్ముని ప్రేరణచే అఖిలభారత చరఖాసంఘమువారు, మేలైన రాట్నమును కల్పించినవారికి లక్ష రూపాయల బహుమానము ప్రకటించిరి. ఆ షరతులను నేడు చదివినచో ఆశ్చర్యము గలుగును. రాట్నము తేలికగా, ఎత్తుకొనిపోవుటకు అనువుగా నుండవలెను. చేతితోనో కాలితోనో పల్లెయింట నడువవలెను. ఒక స్త్రీ ఎక్కువ శ్రమపడక యెనిమిది గంటలు దానిపై పనిచేయగలుగవలెను. ఆ యెనిమిది గంటలలో 12 మొదలు 20 వఱకు గల నంబరు నూలు 16,000 గజములు రావలెను. వెల 150 రూపాయలు మించరాదు. ఇరువదియేండ్లు నిలువవలెను, మరమ్మతు ఖర్చు ఏటికి వెలలో నూటికి ఐదు వంతులు దాటరాదు.

ఈ చివరి రెండు షరతులను పంజాగుట్ట అద్దాల దుకాణములోనికి దీసికొనిపొండు. ఇరువదియేండ్ల మాట విడిచి, ఐదేండ్లని అడుగుడు. లక్షరూపాయల ఫోనునకు నూటికి ఐదనగా ఏటికి 5,000. అది చేజారి క్రిందపడి తెర పగిలినచో, ఆ తెర ఖర్చునకు నాలుగేండ్ల మరమ్మతు భత్యము చాలదు. అట్టి వస్తువును మోటారుగానో నాగలిగానో అమ్మవచ్చినచో మన ఆసాములు గడపయైనను ఎక్కనిత్తురా? ఇంజను కొనునప్పుడు ఊరంతయు తిరిగి, దాని విడిభాగములు నల్లగొండలో దొరకునా, మిర్యాలగూడలో దొరకునా యని విచారించు బావగారు, చేతిఫోను దగ్గఱ మాత్రము మూగవారైరి.

న్యాయము చెప్పవలసినచో, ఆ లక్షరూపాయల బహుమానము ఎవ్వరికిని దక్కలేదు. కాలే యను నతని యంత్రమొకటి పరీక్షకు వచ్చియు షరతులకు నిలువలేకపోయెను. షరతులు అంత కఠినములు. పిమ్మట తమిళదేశీయుడైన ఏకాంబరనాథుని అంబరు చరఖా 1950వ దశకమున ప్రచారములోనికి వచ్చెను. గాంధీజీ యంత్రద్వేషి యనువారికి ఈ పందెమే సమాధానము. 1924లో రామచంద్రనుతో జరిపిన సంభాషణములో ఆయన సింగరు కుట్టుమిషనును మెచ్చుకొని, దానిని తన ఆక్షేపణనుండి మినహాయించెను. భార్య విసుగుపుట్టించు కుట్టుపని తొలగింపగోరి సింగరు ఆ యంత్రమును కనిపెట్టెనని ఆయన నమ్మకము. మనుష్యుని తేలికపఱచునది యంత్రము; మనుష్యుని తన చుట్టు త్రిప్పుకొనునది మఱియొకటి.

మేలైన రాట్నమునకు బహుమానము దక్కలేదు గాని, ఆ షరతులకు తగిన వస్తువొకటి పంజాగుట్టలోనే కొలువుదీరినది. దాని కథ పంజాగుట్టవారికే తెలియకపోవుట వింత. హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలలో డాక్టరు ఎ.పి.జె. అబ్దుల్ కలాము పనిచేయుచుండిన కాలమున, నిజాము వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకడు ఆయనను చూడబోయెను. అగ్ని క్షిపణి కొఱకు సిద్ధపఱచిన పదార్థపు ముక్క నొకదానిని ఆ వైద్యుడు చేతికెత్తుకొని, దాని తేలికకు నివ్వెఱపోయి, కలామును వెంటనే తన ఆసుపత్రికి తీసికొనిపోయెను. అచట పోలియోవలన కాళ్ళు చచ్చుపడిన చిన్నపిల్లలు ఇనుప కాలిపట్టెలు దొడిగికొని నేలమీద ఈడ్చుకొనుచు నడచుచుండిరి. ఒక్కొక్క పట్టె బరువు మూడు కిలోలకు పైమాట. ఈ పిల్లల బాధ తీర్చుమని వైద్యుడు కోరెను. మూడు వారములలో కలాము బృందమువారు 300 గ్రాముల పట్టెలను చేసి తెచ్చిరి.

బిడ్డలు తమ కన్నులను తామే నమ్మలేకపోయిరనియు, తల్లిదండ్రుల కండ్ల నీళ్ళు తిరిగెననియు కలాము అనేక సభలలో చెప్పెను. అగ్ని ఆకసమునకెగసిన నాటి సంతోషముతో సమానముగా దీనిని తన జీవితానందములలో నొకటిగా ఆయన లెక్కించుకొనెను. పాఠకులు గమనింపవలసిన దేమనగా, ఆ పట్టె వెనుక అణువంతయు తక్కువ విజ్ఞానము లేదు. దేశమున ఆనాటికి గల అత్యుత్తమ శాస్త్రజ్ఞానమే అందు కలదు. కాని అది బరువు తగ్గించుటకు వినియోగపడెను గాని, వెల పెంచుటకు కాదు. పాతదే మంచిదనియు, క్రొత్తదెల్ల కీడనియు మేము వాదింపబూనలేదు. కలాము, హృద్రోగవైద్యుడైన డాక్టరు సోమరాజు కలిసి 1990వ దశకముననే గుండె నాళములలో నుంచు స్టెంటును స్వదేశమున తక్కువ వెలకు చేయుట మొదలిడిరి. ఇరువదియేండ్లకు, 2017 ఫిబ్రవరిలో, ప్రభుత్వము స్టెంటుల ధరలకు హద్దు విధించెను: సాధారణమైనది 7,260 రూపాయలు, మందుపూతగలది 29,600 రూపాయలు. లక్షకు మించి చెల్లించుచుండిన వస్తువు ఇరువదితొమ్మిది వేలకే వచ్చుటకు సాధ్యమైనప్పుడు, ఆ మిగత సొమ్ము ఇన్నాళ్ళు దేనికి చెల్లించితిమో యని ఎందఱు తర్కించుకొనిరో!

రాజమహేంద్రవరపు రత్నము కలమును గూర్చి మా తరమువారికి చెప్పనక్కఱలేదు. కె. వి. రత్నముగారు చేసిన స్వదేశీ కలము గాంధీజీకి చేరగా, 1935లో ఆయన దానిని మెచ్చుకొనుచు స్వయముగా లేఖ వ్రాసెను. ఎబొనైటు గొట్టము, చుక్కలుచుక్కలుగ సిరా పోయు పద్ధతి. చెడుటకు అందు భాగమేది? చెడినను విప్పుకొని కడిగికొనవచ్చును. ఇక చేతిఫోనులలో ఆ జాతికి చెందినది 2003లో నోకియావారు విడుదల చేసిన 1100. ప్రపంచమున 25 కోట్లకు పైగా అమ్ముడుపోయెను. దుమ్ము చొరని రబ్బరు మీటలు, కొసను ఒక చిన్న టార్చిదీపము. అర్ధరాత్రి కరెంటు వచ్చినదని లేచి మోటారు వేయుటకు పొలము గట్టున పోవుచుండిన రైతునకు ఆ టార్చి యెంత ఉపకరించెనో, పాములకే తెలియును! ఆ రైతును చూచి చేసిన ఫోను అది. నేటి ఫోనును దాని ప్రకటనకర్త నెవరినో చూచి చేసినట్లున్నది. మీటల ఫోనుతోనైన సొమ్ము పంపుకొనుటకు 2022 మార్చి 8న రిజర్వుబ్యాంకు గవర్నరు 123 పే యను ఏర్పాటును ప్రారంభించిరి. లోకము ముందునకు పోయినప్పుడు మీటల ఫోనువాడు వెనుకబడునను వాదము ఇందువలన కొంత పలుచబడినది.

చౌకదనమే గుణమని భ్రమపడువారికి మాత్రము హైదరాబాదే మఱియొక పాఠము నేర్పినది. 2011 అక్టోబరు 5న కేంద్రప్రభుత్వము విద్యార్థులకై ఆకాశ్ యను పలకను ఆర్భాటముగా విడుదల చేసెను. డేటావిండు సంస్థ సమకూర్చిన ఆ పలకలను కూర్చినది హైదరాబాదులోనే. ప్రభుత్వము కొన్న ధర 2,276 రూపాయలు. ఉద్దేశము ఉత్తమమే. కాని 366 మెగాహెర్ట్జుల ప్రాసెసరు, 256 ఎంబీల మెమొరీ, గోటితో నొక్కిననేగాని స్పందింపని తెర. బ్యాటరీ గంటలు లెక్కింపదగినది. పరీక్షకై పుచ్చుకొన్న కళాశాలలనుండియే ఫిర్యాదులు పుట్టినవి. పనిచేయని చౌకవస్తువును మించిన దుబారా లేదు. ఎద్దు చవుకగా దొరకినదని కుంటియెద్దును కొనువాడు రైతు కాడు. ఆకాశ్ వైఫల్యమునకు విజ్ఞానము కారణము కాదు. వెల ముందుగ నిర్ణయించి, పని తరువాత ఆలోచించుటయే కారణమని మా యభిప్రాయము.

అట్లని తప్పంతయు కొనువానిది కాదు. వస్తువు త్వరగా చచ్చునట్లు చేయు విద్య క్రొత్తదియు కాదు. 1924లో జెనీవా నగరమున ప్రపంచపు విద్యుద్దీప వ్యాపారులు కూడి, ఫీబసు అను కూటమి కట్టి, బల్బు 1,000 గంటలకంటె ఎక్కువ వెలుగరాదని ఒడంబడిక చేసికొనిరి. ఎక్కువ కాలము వెలుగు బల్బు చేసినవానికి జరిమానా! ఆపిలు సంస్థవారు పాత ఐఫోనుల వేగమును తామే తగ్గించుచున్నట్లు 2017 డిసెంబరులో ఒప్పుకొనిరి. పాత బ్యాటరీలు ఆకస్మికముగ ఆగిపోకుండుటకే యని వారి సమాధానము. కొనువానికి చెప్పలేదను దోషమునకై 2020లో ఫ్రాన్సు దేశము వారికి రెండున్నర కోట్ల యూరోలు జరిమానా విధించెను. బ్యాటరీ మార్చినచో సరిపోవునని తెలియక ఎందఱు క్రొత్త ఫోను కొనిరో లెక్క లేదు.

ఇట్టిదే మఱియొకటి మన గడపలోనే జరిగినది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టువారు విండోసు 10కు సాధారణ సంరక్షణమును నిలిపివేసిరి. తరువాతిదగు విండోసు 11, సుమారు 2017కు పూర్వపు ప్రాసెసరులు గల యంత్రములలో పెక్కింటిని అంగీకరింపదు. యంత్రము చక్కగ నడచుచునే యుండును. కాని దొంగలు జొరకుండ వేయవలసిన తాళములు ఇక రావు. సికిందరాబాదు బజారులో పాత యంత్రములు చవుకయగుటకు ఇదియు నొక కారణము. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనసు టోర్వాల్డ్సు ప్రారంభించిన లైనక్సును వానిపై నెక్కించినచో, వెల లేకయే, తాళములతో సహా అవి మరల నడచును. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థవారు ఇట్టి ఉచిత సాఫ్ట్‌వేరును తెలుగువారిలో వ్యాపింపజేయుచున్నారు.

ఒక హెచ్చరిక మాత్రము తప్పదు. సంరక్షణము నిలిచిపోయిన పాత చేతిఫోనులో బ్యాంకు వ్యవహారములు పెట్టుకొనుట పొదుపు కాదు. మీటల ఫోను మంచిది, సంరక్షణముగల మధ్యరకపు ఫోను మంచిది; తాళము విఱిగిన పెద్దపెట్టె మాత్రము ఎంత ఘనముగ నున్నను మంచిది కాదు. ఐరోపా సమాఖ్యవారు 2025 జూన్ 20నుండి అమలుచేయుచున్న శాసనము ప్రకారము, అమ్మకము ముగిసిన పిదపకూడ అయిదేండ్లు ఈ సంరక్షణమును, ఏడేండ్లు ముఖ్యమైన విడిభాగములను అమ్మినవాడే సమకూర్పవలెను. మన వినియోగదారుల శాఖవారు 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కునకై ఒక సమాచార ద్వారమును తెఱచిరి. ద్వారము తెఱచిరి గాని, లోపల శాసనమింకను ప్రవేశింపలేదు. మన శాసనసభ్యులకు ఎన్నికలనాడు కంప్యూటరులు పంచుటపై గల శ్రద్ధ, పంచిన కంప్యూటరునకు విడిభాగము దొరకుటపై గలిగిన నాడు ఈ విషయము చర్చకు వచ్చును కాబోలు.

ఇంతలో ఆ బరువును మోయుచున్నది ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టువంటి చోట్ల, ఒక బల్ల, ఒక భూతద్దము, ఒక సోల్డరింగు కడ్డీతో కూర్చుండిన మరమ్మతుగాండ్రు. కంపెనీవారు బోర్డంతయు మార్చవలెనని చెప్పిన చోట, వీరు నువ్వుగింజంత భాగమును మార్చి ఫోనును బ్రతికింతురు. వీరిలో పెక్కురకు కళాశాల పట్టాలు లేవు. మైత్రీవనపు గోడలపై వీరి విద్యకు ప్రకటన యెందును కానరాదు.

మఱునాడు ఉదయము ముగ్గురము సికిందరాబాదు పోయితిమి. బావగారు ఎడ్లసంతలోవలె యంత్రముల పండ్లు చూచిరనిన అతిశయోక్తి కాదు. మూత కీళ్ళు వదులుగ నున్నవా, మీటలన్నియు పలుకుచున్నవా, లోపల మెమొరీ మఱియొకటి చేర్చుటకు చోటున్నదా, చార్జరు అసలుదా యని ఒక్కొక్కటియే అడిగించిరి. దుకాణదారు బ్యాటరీ పాతదనియు, రెండు గంటలకంటె నిలువదనియు దాచక చెప్పెను. బేరము 22,500 వద్ద తెగెను. ఆఱు మాసముల జామీను చీటీని బావగారు తమ పట్టాదారు పాసుపుస్తకపు సంచిలోనే భద్రపఱచుకొనిరి. ఫోను మాట మరల ఎత్తలేదు; కుఱ్ఱవాని చేతిలోనున్నదానికి బ్యాటరీ మాత్రము మార్పించితిమి.

కుఱ్ఱవాడు తిరుగుదారిలో మాతో మాటలాడలేదు. మొదటి వారము ఆ యంత్రమును సంచిలోనుంచి బయటకు దీయక, చివరివరుసను కూర్చుండెనట. పిమ్మట ఒకనాడు, లక్షరూపాయల యంత్రముగల స్నేహితునికి రాని లెక్కయొకటి తన యంత్రముపై వచ్చెనని మాకు ఫోను చేసి చెప్పెను. ఉద్యోగమింకను దొరకలేదు. రెండు ఇంటర్వ్యూలకు పోయివచ్చినాడు. రెండు గంటలకే ఆగిపోవుచున్న బ్యాటరీని గూర్చి మాత్రము తఱచు గొణుగుచున్నాడు. క్రొత్తదానికి 2,400 రూపాయలగునట. బావగారు ఊరిలో అడిగియుంచిన అప్పును తీసికొనకయే వదలివేసిరి. మొన్న వారి బోరుమోటారు కాలిపోగా, తీగ మరల చుట్టించుటకు ఇంట నిలువయున్న సొమ్మే సరిపోయెనని వ్రాసినారు.